గుండె ఎవరిది, కొవ్వు ఎవరిది

ఇంగ్లిష్‌లో ధైర్యానికి 'ప్లక్' అని ఒక మాట ఉంది. ఇప్పుడు కాస్త పాతబడింది గానీ ఒకప్పుడు బాగా చెలామణీ అయిన మాటే. అది పుట్టింది కసాయి కొట్టులో. కోసిన జంతువు కడుపు చీల్చి గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఒక్క పెట్టున లాగితే చేతికి వచ్చేదాని పేరు ప్లక్. లాగడం, పీకడం అనే క్రియే అలా పేరుగా మారింది. 18వ శతాబ్దంలో ముష్టియుద్ధాల గోదాల దగ్గర, దెబ్బ తిన్నాక కూడా వెనక్కి తగ్గని వాడికి ప్లక్ ఉందనడం మొదలైంది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన నిఘంటువులో దానికి ధైర్యం అనే అర్థం కనిపిస్తుంది. అయితే ఆ నిఘంటువు పెద్దమనుషుల భాషకు వేసింది కాదు, వీధుల్లో, సారాకొట్లలో దొర్లే మాటలకు వేసింది. 1827లో సర్ వాల్టర్ స్కాట్ తన దినచర్యలో ఈ మాట వాడుతూనే ఇది పోకిరీల మాట అని ముక్కు చిట్లించాడు. ఇంకో ముప్పై ఏళ్లు తిరిగేసరికి, క్రిమియా యుద్ధం నాటికి, 'బ్రిటిష్ ప్లక్' అని చెప్పుకుని ఆ దేశమే ఛాతీ విరుచుకుంది. విచిత్రం ఏమంటే దాదాపు అదే రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్ష తప్పిన కుర్రవాడిని కూడా 'ప్లక్డ్' అనేవారు.

డెబ్బై ఏళ్లలో ఒక మాట కసాయి కొట్టు నుంచి సామ్రాజ్య గర్వం దాకా ఎదిగిందంటే దాని అర్థం మారిందని సరిపెట్టుకోవచ్చు. నిజానికి అర్థం పెద్దగా మారలేదు, దెబ్బకు జంకకపోవడమే అప్పుడూ ఇప్పుడూ. మారింది ఆ మాట ఎవరికి వర్తిస్తుందన్నది. గోదాలో బాక్సర్‌కు ఉన్నంత కాలం అది మోటు మాట. పటాలం అధికారికి వచ్చేసరికి అదే సద్గుణం. ధైర్యానికి పేరు పెట్టేవాడు ధైర్యం చేసినవాడు కాదు, పక్కన నిలబడి చూసేవాడు. ఆ చూసేవాడి చేతిలో అధికారం ఉంటే అతను పెట్టిన పేరే నిలుస్తుంది. నిజామాబాద్ జిల్లాలో, బోధన్ చెరకు పొలాల చుట్టూ, గడిచిన వందేళ్లలో తెగువకు పడిన పేర్లను వరసగా చూస్తే ఈ సంగతి ఇంగ్లండ్‌లో కన్నా ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుందని నా వాదన.

ముందు మన పాత మాట ఒకటి చూద్దాం. సాహసం. ఈ రోజు సాహసి అంటే మెచ్చుకోలు, కలెక్టర్ చేతుల మీదుగా బాలలకు సాహస పురస్కారాలు ఇస్తారు. ధర్మశాస్త్రాల్లో మాత్రం సాహసం నేరం. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహార పదాల్లో అదొకటి. బలం చూసుకుని బాహాటంగా చేసే దౌర్జన్యం, దోపిడీ దాని కిందికి వస్తాయి. దొంగచాటుగా తీస్తే స్తేయం, ఎదురుగా నిలబడి గుంజుకుంటే సాహసం. జరిమానాల మెట్లకూ అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమం 500, ఉత్తమ సాహసం 1,000. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు ఉన్నది కల్యాణి చాళుక్యుల కొలువులో. ఆ కల్యాణి ఇప్పటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్, నాటి బోధన్ కూడా ఆ రాజుల ఏలుబడిలోనిదే. మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు చేశాడు. అంటే మంజీర ఒడ్డున రాజు న్యాయపీఠం మీద కూర్చున్నప్పుడు సాహసి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ముద్దాయి. నేరస్తుడి మాట వీరుడి మాట కావడానికి ఇక్కడ ఎక్కువ శతాబ్దాలే పట్టింది గానీ, దారి మాత్రం ప్లక్ నడిచినదే.

నిజాం రాజ్యంలో ధైర్యానికి ఇంకో రూపం ఉండేది. అది ఫర్మానా మీద వచ్చేది. బహాదూర్ అనే మాటకు మూలం తుర్కీ, మంగోల్ గుర్రపు యోధుల భాషల్లో ఉంది. అర్థం వీరుడు. హైదరాబాద్ కొలువులో అది బిరుదుల వరసలో స్థిరపడింది. జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా అంటూ మెట్లు ఎక్కే ఆ వరసలో మొదటి మెట్టు జంగ్, అంటే యుద్ధం. నిజామాబాద్ జిల్లా రూపురేఖలు మార్చిన మనిషి పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్. ఆయన ఇంజినీరు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన కట్టించిందే, సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలన్న లెక్కతో. కత్తి పట్టకుండానే ఆయన పేరులో యుద్ధమూ వీరత్వమూ రెండూ చేరాయి. ఆయన ఆ గౌరవానికి తగనివాడని కాదు, అంత పెద్ద నదిని అడ్డగించి కాలువలు తవ్వడం ఎవరు చేసినా పెద్ద పనే. నేను చెప్పేది వేరు. జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి, ముంపు భూమి వదిలి, ఎక్కడో కొత్త చోట పొయ్యి రాజేసుకున్న కుటుంబాల తెగువకు ఏ ఫర్మానాలోనూ పేరు లేదు. బహాదూర్ మాట ఇంగ్లిష్‌లోకి వెళ్లి అక్కడా ఓ మలుపు తిరిగింది. 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ప్రకారం, తన కొద్దిపాటి అధికారాన్ని చూసుకుని మిడిసిపడే వాడిని ఇక్కడి ఇంగ్లిష్ వాళ్లు బహాదూర్ అని వెక్కిరించేవారు. పైనుంచి దిగిన వీరత్వానికి చివరికి మిగిలేది ఈ వెక్కిరింతేనేమో.

కింది నుంచి వచ్చిన ధైర్యానికి కొలువు భాషలో పేరు గుస్తాఖీ, అది ముదిరితే బగావత్. పల్లె భాషలో ఉన్న పేర్లు ఇంకా చిక్కగా ఉంటాయి. దొర ముందు 'బాంచన్, కాల్మొక్త' అనాల్సిన మనిషి తల ఎత్తి మాట్లాడితే ఏమంటారు? కొవ్వెక్కింది అంటారు. బలిసింది అంటారు. కొమ్ములొచ్చినయా అని అడుగుతారు. తోక జాడిస్తున్నడు, కత్తిరించాలె అంటారు. అదే దొర వేటకు పోతేనో, కోర్టులో ఎదుటివాణ్ని గెలిస్తేనో గుండె ఉన్నోడు, మీసమున్న మొగోడు. గుండె, ఛాతీ, మీసం మనిషి అవయవాలు. కొవ్వు, కొమ్ము, తోక పశువువి. రెండు వైపులా చేసింది జంకకుండా నిలబడటమే అయినా ఒకరికి మనిషి ఒంట్లోంచి, ఇంకొకరికి పశువు ఒంట్లోంచి మాట తీసి పెట్టారు. ఇంగ్లిష్‌లోనూ ఈ పంపకం ఉంది. దొరబాబు ధైర్యం గుండె నుంచి వచ్చిన 'కరేజ్', నౌకరు ధైర్యం చెంప నుంచి వచ్చిన 'చీక్'. అమెరికాలోనైతే చేదు పైత్యం నుంచి వచ్చిన 'గాల్'. మనకున్న నుడికారాల్లో నాకు బాగా నచ్చేది 'గుండెలు తీసిన బంటు'. గుండె లాగేసే పని కసాయి కొట్టులో ప్లక్ చేసిందే, కానీ ఆ లాగేవాడు ఇక్కడ బంటు, అంటే సేవకుడు. కాబట్టే ఆ మాటలో మెచ్చుకోలు కన్నా జాగ్రత్త సుమా అన్న హెచ్చరికే ఎక్కువ.

చేసిన పని ఒకటే అయినా చూసేవాడిని బట్టి పేరు మారుతుందనడానికి నిజామాబాద్‌లో కళ్లకు కట్టే సాక్ష్యం ఇందూరు ఖిల్లా. 1948లో ఆ ఖిల్లాలోని జైలులో దాశరథి కృష్ణమాచార్య బందీ. వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. కాగితం, కలం ఇవ్వరు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద నిజాం మీద పద్యాలు రాసేవాడు. సిబ్బంది చెరిపేసేవారు, ఆయన మళ్లీ రాసేవాడు. ఆ గోడ దగ్గర నిలబడ్డ జైలు అధికారికి కనిపించింది గుస్తాఖీ, సర్కారు సొమ్ము పాడుచేసిన ఖైదీ. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య ముగిశాక, 1949లో ఆయన కవితలు 'అగ్నిధార'గా అచ్చయ్యాక, ఆ బొగ్గు రాతలే వీరత్వమయ్యాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయనను ఆస్థాన కవిని చేసింది. ఆస్థానం అన్న మాట అప్పటికింకా మన ప్రభుత్వాల దగ్గర బతికే ఉందన్నమాట. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రం ఆయన పుట్టినరోజు జూలై 22న ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది. మనిషి చేసిన పనిలో అణువంత తేడా లేదు. బిరుదు ఇచ్చే కుర్చీలో కూర్చున్న వాళ్లు మారారు.

ఇక్కడ భాషాశాస్త్రం తెలిసిన వాళ్లు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు. అవయవం నుంచి గుణానికి మాట జారడం అన్ని భాషల్లోనూ ఉన్నదే కదా, ఉర్దూలో జిగర్, కలేజా అంటే కార్జమే, ఇంగ్లిష్‌లో 'గట్స్' అంటే పేగులే, దీనికి దొరా బాంచనూ ఎందుకు అని. మాట ఎక్కడ పుడుతుందన్నంత వరకు ఒప్పుకోవచ్చు. భయం వేస్తే కడుపులో దేవేస్తుంది, గుండె దడదడలాడుతుంది, కాబట్టి ధైర్యాన్ని కూడా అక్కడే వెతకడం సహజం. కానీ పుట్టిన మాటల్లో ఏది పైకి పోతుంది, ఏది కిందే ఉండిపోతుందన్నది శరీరం చెప్పదు. ప్లక్ పైకి పోయింది, చీక్ కిందే ఉండిపోయింది. మన జిగర్ 'జిగ్రీ దోస్త్' అయి స్నేహంలో స్థిరపడింది, కలేజా 2010లో 'ఖలేజా' అయి సినిమా పోస్టర్ ఎక్కింది, కొవ్వు మాత్రం ఎక్కడ వేసిన తిట్టు అక్కడే ఉంది. ఇంకో అభ్యంతరం ఉంది: ధైర్యం అనే మాట మరి? ధీర శబ్దం నుంచి వచ్చి రాజుకూ కూలికీ ఒకే తీరుగా వర్తిస్తుంది కదా. పుస్తకంలో అవును. నోట్లో కాదు. 'ఆయన ఎంత ధైర్యం చేశాడు' అన్నప్పుడు వినిపించే మెచ్చుకోలు 'నీకెంత ధైర్యం' అన్నప్పుడు ఉండదు, మాట అదే అయినా. ఆడవాళ్ల సంగతికి వస్తే తటస్థం అన్నదే లేదు. ఎదురు చెప్పిన ఆడమనిషి గయ్యాళి, నిభాయించుకొచ్చిన ఆడమనిషి మగరాయుడు. పాలకుర్తిలో పంట కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ బతికున్నప్పుడు వీరనారి అన్న బిరుదు సర్కారు నోట రాలేదు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టేటప్పుడు వచ్చింది.

చెరకు సీమలో ఎక్కువగా వినబడే మాట దమ్ము. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఫార్సీలో దమ్ అంటే ఊపిరి. ఉర్దూ మీదుగా తెలంగాణ తెలుగులోకి వచ్చి అది నానా పనులూ చేసింది. బీడీ తాగితే దమ్ము కొట్టినట్టు, ఆయాసం వస్తే దమ్ము రోగం, గిన్నె మూత బిగించి ఆవిరి మీద ఉడికిస్తే దమ్ బిర్యానీ, కాసేపు ఆగమనడానికి 'జర దమ్ము వట్టు'. ధైర్యం వీటిలో ఒక అర్థం మాత్రమే. పని మధ్యలో అలసిన మనిషిని కూర్చోబెట్టేదీ, కయ్యానికి లేపేదీ ఒకటే మాట. నిజాంసాగర్ కాలువల్లోకి నీళ్లు వచ్చాక, 1930ల నుంచి, కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు బోధన్, వర్ని, కోటగిరి వైపు వచ్చి భూములు కొన్నారు, కౌలుకు పట్టారు. ఆ ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అన్న తోక ఇప్పటికీ ఉంది. వాళ్లతో పాటు ఇంకో దమ్ము వచ్చింది. నీళ్లు పెట్టి, దున్ని, బురద చేసి, నాటుకు పొలాన్ని సిద్ధం చేయడాన్ని డెల్టాలో దమ్ము చేయడం అంటారు, ఇక్కడివాళ్లు కరిగెట అంటారు. ఊపిరి దమ్ముకూ బురద దమ్ముకూ చుట్టరికం ఏమీ కనబడదు, రెండూ ఒకే ఆయకట్టులో పక్కపక్కన పొలాల్లో వినబడ్డాయంతే. కానీ వలస వచ్చినవాళ్ల ధైర్యానికి మాత్రం గట్టుకు ఇటో పేరు, అటో పేరు. పుట్టిన ఊరు వదిలి, తెలియని రాజ్యానికి, సర్కారీ ఉర్దూ అర్థం కాని చోటికి వచ్చి తెగించి బాగుపడ్డామన్నది క్యాంపుల కథనం. చవగ్గా భూములు కొట్టేసి పెత్తనం చేశారన్నది పాత ఊళ్ల కథనం. రెండిటిలోనూ నిజం ఉంది. పెట్టుబడీ సాగు నైపుణ్యమూ చేతిలో ఉన్నవాడి తెగువ, చేతిలో ఏమీ లేనివాడి తెగువ ఒకటి కావన్న తేడాను ఏ కథనమూ ఒప్పుకోదు.

పెట్టుబడి మాట వచ్చింది గనుక ఫ్యాక్టరీ దగ్గర ఆగాలి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీని ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. వ్యాపారంలో ఇలాంటి తెగింపుకు ఇంగ్లిష్ పెట్టిన పేరు 'వెంచర్'. సాహసయాత్ర అనే 'అడ్వెంచర్' తల తెగి మిగిలిన మాట అది. నష్టాన్ని తలకెత్తుకోవడం అందులోని అసలు సారం. నిజాం షుగర్స్ విషయంలో ఆ నష్టాన్ని తలకెత్తుకున్నది సర్కారు ఖజానా, ఆ తర్వాత చెరకు తోలి బిల్లుల కోసం ఎదురుచూసిన రైతులు, కార్మికులు. 2002లో ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు చేతికి ఇచ్చింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడింటికీ లాకౌట్ పడింది. అమ్మకాన్ని సంస్కరణల ధైర్యం అన్నవాళ్లున్నారు. జీతాల కోసం ఏళ్ల తరబడి టెంటు కింద కూర్చున్న కార్మికుల నిలకడకు మాత్రం గోస అన్న పేరే వచ్చింది, జాలి తప్ప మెప్పు లేని మాట. వెంచర్ మాట కూడా ఈ జిల్లాలో చివరికి ఎక్కడ తేలిందో చూడండి. నిజామాబాద్ బైపాస్ మీద ఎవరినడిగినా వెంచర్ అంటే హద్దురాళ్లు పాతి, రోడ్లు గీసి, ప్లాట్లు అమ్మే జాగా. కొన్నవాడికి తప్ప ఎవరికీ నష్టభయం లేని సాహసం.

ఇప్పుడు దమ్ము అందరి నోటా ఉంది కదా, కూలీ అంటాడు, మంత్రి అంటాడు, 2012లో సినిమా పేరే అయింది కదా, అంటే మాట ప్రజాస్వామ్యం పాలైనట్టే కదా అని చివరి అభ్యంతరం. ఇది మిగతా వాటికన్నా బలమైనది, కొంత ఒప్పుకుంటాను కూడా. కానీ సభల్లో వినబడే 'దమ్ముంటే రాజీనామా చెయ్, దమ్ముంటే చర్చకు రా' అన్న సవాళ్లు విసిరేవాడికి పైసా ఖర్చు లేదు. అధికారం దగ్గరగా ఉన్నవాడు ఇంకో అధికారం దగ్గరున్న వాడికి విసిరే బంతి అది. ఖర్చు పెట్టి, తమ జేబులోంచి పెట్టి చేసిన తెగువ ఇదే నిజామాబాద్‌లో 2019 ఏప్రిల్‌లో జరిగింది. పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని అడిగి అడిగి విసిగిన రైతులు లోక్‌సభకు నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది, అందులో 178 మంది రైతులు. పాత తరహా ఓటింగ్ యంత్రాలు అన్ని పేర్లను మోయలేవు గనుక కొత్త ఎం3 యంత్రాలు తెప్పించి, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చారు. అప్పటి ముఖ్యమంత్రి కూతురైన సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడారు, ధర్మపురి అర్వింద్ గెలిచారు.

ఆ 178 మందికి చట్టం భాషలో ఉన్న పేరు 'నాన్-సీరియస్ అభ్యర్థులు'. అలాంటివాళ్లను ఆపడానికే డిపాజిట్ అన్న ఏర్పాటు ఉంది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినమని 480 మంది పోటీకి దిగినప్పుడు లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది దాన్ని 10,000 చేశారు, ఆ తర్వాత 25,000 చేశారు. ప్రథమ సాహసానికి ఇంత, ఉత్తమ సాహసానికి ఇంత అని స్మృతికారులు పణాల్లో కట్టిన లెక్కే ఇది, రూపాయల్లోకి మారిందంతే. నిజామాబాద్ రైతులను ఊళ్లో కొందరు తెగించినోళ్లు అన్నారు, ఇంకొందరు మొండోళ్లు అన్నారు. తెగించినవాడికి తెడ్డే లింగం అన్న సామెత రెండు పక్షాలకూ పనికొస్తుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది, నిజామాబాద్‌లోనే కార్యాలయం తెరిచారు, ఆ ఘనత మాదంటే మాదని పార్టీలు చెప్పుకున్నాయి. పోలైన ఓట్లలో ఆరోవంతు రాని అభ్యర్థికి డిపాజిట్ తిరిగివ్వకూడదన్నది నిబంధన, ఆ 178 మందిలో ఎవరికీ ఆరోవంతు రాలేదు.